సారథి లేని కారులు – కాలినడకవారి ప్రాణములు



నేటి సాయంకాలము నేను మీకు విన్నవింపదలచిన విషయము సారథి లేని కారులను గూర్చినది. చక్రము పట్టుకొని కూర్చుండు మనుష్యుడు లేకయే, కంప్యూటరు తానే త్రోవ చూచుకొని, తానే మలుపు తిరిగి, తానే యాగుచు పట్టణపు వీథులలో జనులను మోసికొనిపోవు బండ్లివి. ఇది కట్టుకథ కాదు. అమెరికా దేశమున ఫీనిక్సు, శాన్‌ఫ్రాన్సిస్కో, లాస్ ఏంజిలిస్ మొదలగు నగరములలో ఇట్టి కారులు బాడుగకు తిరుగుచున్నవి.

పల్లెలో నుండువారికి ఆ దూరదేశపు వీథుల గొడవ యేల యని మీరనవచ్చును. మన గ్రామములనుండి చదువునకును ఉద్యోగమునకును పోయిన బిడ్డలు వేలకొలదిగ ఆ నగరములలో నున్నారు. పురుళ్లకును, పసిబిడ్డలను చూచుకొనుటకును తల్లిదండ్రులు పోయి కొన్ని మాసములుండి వచ్చుచున్నారు. ప్రొద్దుట నడకకు బయలుదేరి అచ్చటి వీథి దాటువారు మీరే కావచ్చును. అంతకంటె ముఖ్యమైన కారణ మింకొకటి కలదు. యంత్రము కంటికి మనుష్యుడనగా నెవడు, వాడు ఎచ్చట నడచినచో మనుష్యుడుగా లెక్కకు వచ్చును అను ప్రశ్న యీ విషయములో నిమిడియున్నది. దానికి ఉత్తరము చెప్పు నధికారము యంత్రములు చేయువారికి మాత్రమే విడువదగినది కాదు.

బండివాడు నడపని బండి మనకు క్రొత్త కాదు. సంతనుండి రాత్రివేళ తిరిగివచ్చునపుడు బండివాడు గడ్డిమీద నిద్రపోవుటయు, ఎద్దులు తమంత తామే యూరు చేరి దొడ్డిముందర నిలుచుటయు మీరెఱిగినదే. నడిత్రోవలో నెవడైన పరుండియున్నచో ఎద్దు వెనుదీయును, లేదా ప్రక్కకు తొలగును. ఆ పడియున్నది త్రాగుబోతా, బిచ్చగాడా, దూడయా యని అది విచారింపదు. ముందర ప్రాణి యున్నదని తెలియుటయే దానికి చాలును. యంత్రమునకు ఆ తెలివి పుట్టుకతో రాదు. దానికి సర్వమును మనుష్యుడు నేర్పవలెను. నేర్పిన వాడేమి మఱచెనో, యంత్రమును దానినే మఱచును.

ఈ కారునకు కన్నులు సాధారణముగ మూడు విధములు. మొదటివి కెమెరాలు. ఇవి మన కన్నులవలె రంగులను, ఆకారములను చూచును. రెండవది రాడారు. అది రేడియో తరంగములను పంపి, ఎదుటి వస్తువునకు తగిలి తిరిగివచ్చిన తరంగమునుబట్టి దాని దూరమును, వేగమును తెలిసికొనును. మూడవది లైడారు. అది లేసరు కాంతిని సెకనునకు లక్షలకొలది మారులు వెదజల్లి, తిరిగివచ్చిన కాలమును లెక్కించి, చుట్టునున్న వస్తువులన్నిటికిని చుక్కలతో ఒక చిత్రము గీయును. చీకటిలో గబ్బిలము తన కూత ప్రతిధ్వనిని విని దారి తెలిసికొనుట వంటిదే యిది. అందుచేత రాత్రి చీకటి దీనికి మనకున్నంత యడ్డము కాదు. చూచిన తరువాత కంప్యూటరు చేయవలసిన పనులు రెండు. ఎదుటనున్నది కారా, సైకిలా, మనుష్యుడా యని పేరు పెట్టుట మొదటిది. అది మఱుక్షణమున ఎటు పోవునో ఊహించుట రెండవది. ప్రమాదము తఱచుగ నీ రెండు పనులలోనే దాగియుండును.

2018 వ సంవత్సరము మార్చి 18 వ తేదీ ఆదివారము రాత్రి సుమారు పది గంటలకు అరిజోనా రాష్ట్రములోని టెంపీ పట్టణములో జరిగిన సంగతి యిందులకు నిదర్శనము. మన విద్యార్థులు పెక్కుమంది చదువుకొను విశ్వవిద్యాలయ మున్న పట్టణమది. నలుబదితొమ్మిదేండ్ల స్త్రీ యొకతె సైకిలును చేతితో నడిపించుకొనుచు వెడల్పయిన రోడ్డును దాటుచుండెను. ఊబరు కంపెనీవారు పరీక్షకై తిప్పుచున్న కారొకటి గంటకు సుమారు 40 మైళ్ల వేగముతో వచ్చి యామెను గొట్టెను. ఆమె మరణించెను. తానే నడచు కారు కాలినడకన పోవువారిని చంపుట లోకములో నదియే మొదటిసారి.

ఆ కారులో మనుష్యు లెవరును లేకపోలేదు. యంత్రము తప్పినచో బ్రేకు వేయుటకని ఒక యుద్యోగి చక్రము ముందర కూర్చుండియుండెను. కాని ఆ యుద్యోగి చూపు రోడ్డుమీద లేదు. చేతి ఫోనులో నడచుచున్న వినోద కార్యక్రమముమీద నుండెను. ప్రమాదమునకు ముఖ్యకారణ మిదియే యని అమెరికా జాతీయ రవాణా భద్రతా సంఘమువారు 2019 వ సంవత్సరము నవంబరులో తేల్చిరి. అంతటితో వారు కాగితము మడచిపెట్టలేదు. యంత్రము లోపల నేమి జరిగెనో సెకనులవారీగ వెలికిదీసిరి. మనము వినవలసిన దదియే.

ఢీకొనుటకు 5.6 సెకనులకు ముందే యంత్ర మామెను కనిపెట్టెను. ఆ వేగమున నది నూఱు గజములకు మించిన దూరము. కన్నులు పనిచేసినవి. చీకటి యడ్డము రాలేదు. అయితే ఆమెకు పేరు పెట్టుటలో యంత్రము తడబడెను. మొదట వాహనమనెను, తరువాత తెలియని వస్తువనెను, పిమ్మట సైకిలనెను. పేరు మార్చిన ప్రతిసారియు, ఆ వస్తువు అంతవరకు నడచిన జాడను మఱచి మరల మొదటినుండి లెక్క ప్రారంభించెను. కనుక ఆమె రోడ్డునకు అడ్డముగ సాగివచ్చుచున్నదని అది గ్రహింపలేదు. అన్నిటికంటె గొప్ప లోప మింకొకటి. గుర్తు గీచిన దాటుచోటు కానిచోట మనుష్యుడు రోడ్డు దాటవచ్చునను తలంపే ఆ యంత్రమున కెవరును నేర్పియుండలేదు. ఇక 1.2 సెకను లున్నదనగా ఢీకొనుట తప్పదని తెలిసినది. అప్పుడైనను వెంటనే బ్రేకు పడలేదు. యంత్రము అకారణముగ బ్రేకు వేయుచు పోకుండుటకై, అట్టి సమయమున నొక సెకను నిదానింపవలెనని కంపెనీవారు కట్టడి చేసియుండిరి. కారు చేసిన వోల్వో కంపెనీవారు అందులో నమర్చిన స్వయం బ్రేకును గూడ, తమ యంత్రము నడుపునపుడు పనిచేయకుండ నిలిపివేసిరి.

ఆ రోడ్డు నడుమనున్న దిమ్మెమీద ఇటుకలు పఱచి బాటవలె కనబడునట్లు చేసియుండిరి. ఇచ్చట దాటవలదను పలకలును అక్కడనే యుండెను. గుర్తు గీచిన దాటుచోటు సుమారు 120 గజముల దూరమున నున్నది. ఆమె అచ్చటికి పోయి దాటవలసినది. ఆ మాట విచారణసంఘమువారును చెప్పిరి. ఒప్పుకొందము. మఱి మీ యూరి ప్రక్కనుండి పోవు పెద్దరోడ్డును తలచుకొనుడు. బస్సు దిగినవాడు నూఱు గజములు నడచి, గుర్తు వెదకి, అచ్చట దాటునా? మనుష్యులు దాటుచోటు తప్పి దాటుదురని తెలియుటకు పండితుడు కానక్కఱలేదు. పదేండ్ల బండితోలు పిల్లవానికిని తెలియును. కోట్ల రూపాయల యంత్రమునకు తెలియలేదు. తెలియకపోవుటకు కారణము, ఆ మాట దాని చెవిని వేయుట యెవరికిని అవసరముగ తోపకపోవుటయే.

ఇది యంత్రములతో పుట్టిన జబ్బు కాదు. దీనికి వెనుక నొక చరిత్ర కలదు. ఇంగ్లండులో 1865 వ సంవత్సరపు చట్టము ప్రకారము, రోడ్డుమీద యంత్రబలముతో నడచు బండికి ముందర నొక మనుష్యుడు ఎఱ్ఱజెండా పట్టుకొని నడవవలసియుండెను. పట్టణములలో దాని వేగము గంటకు రెండు మైళ్లు మించరాదు. నాడు రోడ్డు కాలినడకవానిది. యంత్రమే అడిగి పోవలసినది. తరువాత కారులు పెరిగినవి. అమెరికాలో సిన్సినాటి నగరమున 1923 వ సంవత్సరములో, కారుల వేగము గంటకు 25 మైళ్లు మించకుండ వానిలోనే యొక కట్టుదిట్టము అమర్చవలెనని 42,000 మంది చేవ్రాళ్లు చేసి కోరిరి. కారుల వర్తకులు దానికి గట్టిగ నెదురుతిరిగిరి. ఓట్లలో ఆ కోరిక యోడిపోయెను. ఆ కాలముననే రోడ్డును ఇష్టము వచ్చినచోట దాటువానిని తప్పుచేసినవానిగ చూపుటకు 'జేవాకరు' అను మాటను ఊరూర ప్రచారము చేసిరి. 'జే' యనగా ఆనాటి వారి వాడుకలో నాగరికత తెలియని పల్లెటూరివాడని యర్థము. చూచితిరా! రోడ్డు తనదని నమ్మి నడచినవానికి పెట్టిన తిట్టు మన పల్లెటూరివారి పేరే. 1925 లో లాస్ ఏంజిలిస్ నగరమువారు దానిని శాసనములలో చేర్చిరి. వారి చూపులో కారు తప్పక పోవలసినది, మనుష్యుడు తప్పుకొనవలసినవాడు అయ్యెను.

నూఱేండ్లు కావచ్చుచుండగా ఆ తలంపు కొంత సడలినది. కాలిఫోర్నియా రాష్ట్రమువారు 2023 వ సంవత్సరము జనవరి 1 వ తేదీనుండి, ఢీకొను నపాయము వెంటనే లేనప్పుడు, దాటుచోటు కానిచోట దాటిన కాలినడకవానిని పోలీసులు ఆపి జరిమానా వేయరాదని చట్టము చేసిరి. సారథి లేని కారులు విరివిగ తిరుగు రాష్ట్రమును అదియే. కావున అచ్చటి యంత్రము గుర్తు గీచినచోటనే మనుష్యుని వెదకుదునని చెప్పుటకు వీలులేదు.

రెండవ సంగతి ఆ కాలిఫోర్నియాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున జరిగినది. 2023 వ సంవత్సరము అక్టోబరు 2 వ తేదీ రాత్రి, మనుష్యుడు నడపుచున్న యొక కారు వీథి దాటుచున్న స్త్రీని గొట్టి, ఆగక పారిపోయెను. ఆమె ఎగిరి ప్రక్కవరుసలో వచ్చుచున్న క్రూజు కంపెనీవారి సారథి లేని కారుముందు పడెను. ఆ కారు బ్రేకు వేసినను ఆమెకు తగిలి ఆగెను. ఇంతవరకు దానిది పెద్ద తప్పని చెప్పలేము. తరువాతి పనియే ఘోరమైనది. తనకు ప్రక్కనుండి ఏదో తగిలినదని యంత్రము పొరపాటుగ తలచి, ప్రమాదమైన పిమ్మట రోడ్డు ప్రక్కకు చేరవలెనను నియమమును పాటించుటకై మరల కదలి, క్రింద చిక్కుకొన్న ఆ స్త్రీని సుమారు 20 అడుగులు ఈడ్చుకొనిపోయెను. ఆమె తీవ్రముగ గాయపడి బ్రతికినది. చక్రము దగ్గఱ మనుష్యుడే యున్నచో, క్రిందనుండి కేక వినబడిన తరువాత బండిని కదల్చునా? దిగి వంగి చూడడా? యంత్రము దిగజాలదు, వంగి చూడజాలదు. కావున తాకిడి జరిగిన పిమ్మట మనుష్యుడు వచ్చి చూచువరకు కదలకుండుటయే దానికి ధర్మము.

అంతకంటె చింతింపదగిన దింకొకటి కలదు. ఆ కంపెనీవారు ప్రభుత్వమునకు పంపిన ప్రమాద వివరములలో ఆ ఈడ్చిన సంగతిని సరిగ వ్రాయలేదు. ఆ అక్టోబరు 24 వ తేదీన రాష్ట్రపు మోటారువాహనముల శాఖవారు వారి అనుమతిని నిలిపివేసిరి. 2024 వ సంవత్సరము నవంబరులో కంపెనీవారు అసత్యపు నివేదిక యిచ్చినట్లు ఒప్పుకొని అయిదు లక్షల డాలర్లు జరిమానా చెల్లించుటకు అంగీకరించిరి. ఆ డిసెంబరులో దాని యజమానులగు జనరల్ మోటార్సువారు ఆ బాడుగ కారుల పనికి ధనమిచ్చుట మానివేసిరి. యంత్రము తప్పు దిద్దవచ్చును. ఆ తప్పును దాచినచో దిద్దుట కెవరికి సాధ్యము?

ఇంతమాత్రమున నేను యంత్రము వలదను పక్షమువాడను కాను. మనుష్యుల చేతులలో కారులు చేయుచున్న మారణమును చూడకుండ యంత్రమును మాత్రమే నిందించుట న్యాయము కాదు. 2022 వ సంవత్సరములో మన భారతదేశమున రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది మరణించిరి. వారిలో 32,825 మంది కాలినడకవారు. దినమునకు తొంబదిమంది వంతున నడచుచునే చనిపోయిరి. వారిని గొట్టినవి మనుష్యులు నడపిన బండ్లే. యంత్రము త్రాగదు, నిద్రపోదు, కోపముతో పందెము వేయదు. వేమో అను కంపెనీవారు 2025 జనవరివరకు తమ కారులు సారథి లేక తిరిగిన 5 కోట్ల 67 లక్షల మైళ్లకు లెక్క కట్టి ప్రకటించిరి. మనుష్యులు నడపు కారులతో పోల్చగా, కాలినడకవారికి గాయములైన ప్రమాదములు నూటికి 92 వంతులు తక్కువయని అందు చెప్పిరి. ఇది కంపెనీవారు తమ్ము గూర్చి తామే కట్టిన లెక్క యని మఱవరాదు. మఱియు అమెరికాలో రోడ్డు మరణములు పదికోట్ల మైళ్లకు ఒకటికంటె కొంచెమే యెక్కువ. కావున అయిదారుకోట్ల మైళ్ల లెక్కతో గాయముల మాట చెప్పవచ్చును గాని, మరణముల మాట తేల్చుటకు అది చాలదు. అయినను మంచి సూచనను మంచి సూచన యనుటకు వెనుదీయవలసిన పనిలేదు.

అదే కంపెనీ కారులు టెక్సాసు రాష్ట్రములోని ఆస్టిన్ నగరమున, పిల్లలు ఎక్కుటకును దిగుటకును నిలిచియున్న బడి బస్సులను ఆగక దాటిపోయినట్లు 2025 లో అచ్చటి పాఠశాలలవారు ఫిర్యాదు చేసిరి. ఆ డిసెంబరులో కంపెనీవారు తమ యంత్రములలోని ఆ లోపమును దిద్దుటకు పూనుకొనిరి. మొత్తముమీద సురక్షితమైన యంత్రమునకు గూడ, ఏదో యొకచోట గ్రుడ్డితనము మిగిలియుండవచ్చునని దీనివలన తెలియుచున్నది. ఒక బండివాడు తప్పు చేసినచో అది ఆ బండికే. యంత్రమునకు నేర్పిన పాఠములో తప్పున్నచో అది ఆ పాఠము చదివిన బండ్లన్నిటికిని వ్యాపించును. దిద్దినప్పుడు అన్నియు నొకేమారు దిద్దబడుననుట దీనిలోని మేలు.

మన దేశమునకు ఇది యెంత దూరమని మీరడుగవచ్చును. కేంద్ర రవాణామంత్రి నితిన్ గడ్కరీగారు 2017 లోను తరువాతను, డ్రైవర్ల జీవనోపాధి పోవునను కారణమున సారథి లేని కారులను రానీయనని చెప్పియున్నారు. అయినను పరిశోధన సాగుచునే యున్నది. సంగారెడ్డి జిల్లా కంది యొద్దనున్న హైదరాబాదు ఐ.ఐ.టి.లో, తమంత తాము నడచు వాహనములను పరీక్షించుటకు 'తిహాన్' అను క్షేత్రము 2022 వ సంవత్సరము జూలైలో ప్రారంభింపబడెను. అపాయము కనిపించినచో తామే బ్రేకు వేయు కారులు మన రోడ్లమీద ఇప్పటికే యమ్ముడుపోవుచున్నవి. మన రోడ్డున నడచువారొక్కరే గాక, కావడి మోయువారు, గొఱ్ఱెలమందలు, గేదెలు, ఎదురుదారిని వచ్చు ట్రాక్టరులు, రోడ్డుమీద నారబోసిన ధాన్యము, ఆ ధాన్యమునకు కాపలాగ నచ్చటనే పరుండిన రైతు, అందఱును కలరు. సైకిలు నడిపించుకొనిపోవు స్త్రీని ఏమనవలెనో తెలియక తడబడిన యంత్రము ఈ రైతున కేమి పేరు పెట్టునో ఆలోచింపుడు.

కావున ఇట్టి బండ్లు మన వీథికి వచ్చు దినము వచ్చినచో, వానిని తెచ్చువారిని అడుగవలసిన ప్రశ్నలు నాకు మూడు తోచుచున్నవి. గుర్తు గీచినచోటనే కాక, ఎచ్చట ప్రాణి కనబడినను, దాని పేరు తెలియకున్నను, ఈ బండి ముందు నెమ్మదించునా? ఇది మొదటిది. ఎవరికైన తగిలినచో మనుష్యుడు వచ్చి చూచువరకు కదలక నిలుచునా? ఇది రెండవది. జరిగిన ప్రమాదములను దాచక, కంపెనీకి సంబంధములేని సంఘమునకు పూర్తిగ తెలిపి, నష్టమునకు బాధ్యత వహించునదెవరో ముందుగనే వ్రాసి యిచ్చెదరా? ఇది మూడవది. ఈ మూడింటికి అవునను వారి బండి రావచ్చును. కాదనువారు తమ బండిని తమ ఆవరణలోనే త్రిప్పుకొనవచ్చును.

నడచువారికిని, కారు కొనువారికిని ఒకటి రెండు మాటలు. వీథి దాటునపుడు మనము బండితోలువాని మొగము చూతుము. అతడు తల యూపినచో దాటుదుము, చేయి విసరినచో ఆగుదుము. ఈ మౌనభాష యంత్రమునకు లేదు. పరదేశమున మీ బిడ్డలయింటికి పోయినపుడు, ముందర మనుష్యుడు కూర్చుండని కారు కనబడినచో అది మిమ్ము చూచినదని తలంపక, పూర్తిగ నిలిచిన పిదపనే అడుగు వేయుడు. ఇచ్చట తామే బ్రేకు వేయు కారులు కొన్న మీ పిల్లలకు టెంపీ పట్టణపు ఆ యుద్యోగి కథ చెప్పుడు. యంత్రము చూచుచున్నదని మనుష్యుడును, మనుష్యుడు చూచుచున్నాడని యంత్రము చేసినవాడును నమ్మిరి. ఇరువురి నమ్మకము నడుమ నొక నిండు ప్రాణము పోయెను.

రోడ్డుమీద మొట్టమొదట నడచినది మనుష్యుని పాదము. ఎడ్లబండియు, గుఱ్ఱపుబండియు, మోటారును తరువాత వచ్చినవే. ఎంత తెలివిగల యంత్రమైనను ఆ పాదమునకు దారి యిచ్చుట నేర్చుకొనిన తరువాతనే వీథిలోనికి రావలెను. అట్లు నేర్చినదో లేదో చూచుట విద్వాంసుల పని మాత్రమే కాదు. నడచు ప్రతివానికిని ఆ హక్కు కలదు.